ఉదయగిరిలో ఒక వాచిన చెయ్యి

ఉదయగిరి వెళ్ళొచ్చానంటే తెలిసినవాళ్ళందరూ మొదట అడిగేది కోట ఎక్కావా అని. ఎక్కలేదు. కొండను కింద నుంచి రెండుసార్లు చూశాను, అంతే. మొదటిసారి బస్సు దిగినప్పుడు, సాయంకాలపు ఎండలో ఎర్రగా, అందంగా కనిపించింది. రెండోసారి అంబులెన్సు వెనక అద్దంలోంచి చూశాను. బండి ఎంత వేగంగా పోతున్నా ఆ కొండ వెనకపడటం లేదనిపించింది. నా ముందు స్ట్రెచర్ మీద ఒక ఆడమనిషి పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతోంది. ఆమె చేతిని ముందురోజు సాయంత్రం తాకింది నేను.

నాకు నలభై దగ్గరపడుతున్నాయి. కాకినాడలో చిన్న బ్యూటీ పార్లర్ నడిపేదాన్ని. నిరుడు దాన్ని చెల్లెలికి అప్పగించి విజయవాడలో మసాజ్ నేర్పే కోర్సులో చేరాను. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే, అందరికంటే భయస్తురాలినీ నేనే. మా అన్నపూర్ణ మేడం రెండు పటాలు గోడకు తగిలించి పాఠం చెప్పేవారు. ఒకదాంట్లో ఒంటినిండా ఆకుపచ్చ దారాల్లా, లింఫ్ అనే పల్చటి నీరు పారే నాళాలు. రక్తానికి గుండె ఉన్నట్టు లింఫ్‌కు పంపు లేదు. మనం కదిలితే, ఊపిరి పీలిస్తే మెల్లగా పాకుతుంది. చంకల్లో, గజ్జల్లో, మెడలో ఉండే గ్రంథుల్లో వడకట్టుకుని మళ్ళీ రక్తంలో కలుస్తుంది. రెండో పటంలో చైనావాళ్ళు చీ అనే శక్తి పారుతుందని గీసుకున్న గీతలు, వాటి పక్కనే మనవాళ్ళు చెప్పే నాడులు, మర్మస్థానాలు. దూరం నుంచి చూస్తే రెండు పటాలూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి.

మేడం మాత్రం మొదటి పటం మీద చెయ్యి పెట్టి కచ్చితంగా చెప్పేవారు. "ఇది కోసి చూస్తే కనబడేది. అది వందల ఏళ్ళుగా మనుషులు తమ ఒంటిని అర్థం చేసుకున్న తీరు. ఊపిరి మీద ధ్యాస, ఓపిక, తాకే పద్ధతి అక్కడ నేర్చుకోండి. కానీ దీని జబ్బుకు దాని పేరు పెట్టకండి."

సునీత నా పక్క బల్ల మీద నేర్చుకునే అమ్మాయి. ఉదయగిరి దగ్గర పల్లె వాళ్ళది. వాళ్ళ పెద్దమ్మ పెంచలమ్మకు రొమ్ము కేన్సర్ ఆపరేషన్ చేసినప్పుడు చంకలో గ్రంథులు కూడా తీసేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ వైపు చెయ్యి వాచి, ఇక దిగలేదు. దారి తెగిపోయిన లింఫ్ చేతిలోనే నిలబడిపోయిందన్నమాట. "నువ్వైతే మెత్తగా చేస్తావక్కా, సెలవుల్లో వచ్చి ఒక్కసారి చూడు" అంది సునీత. మేడం పెంచలమ్మ ఆసుపత్రి కాగితాలు చూశారు. ఆపరేషన్ చేసిన డాక్టరు మసాజ్ చెయ్యొచ్చని చెప్పినట్టు రూఢి చేసుకున్నాకే ఒప్పుకున్నారు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పటినుంచీ భయమే. అప్పటిదాకా నేను తాకిన చేతులన్నీ ఆరోగ్యంగా ఉన్న క్లాసువాళ్ళవి.

నెల్లూరు దాటాక

నెల్లూరు నుంచి ఆత్మకూరు బస్సెక్కాం. కాసేపు వరిపొలాలు కనిపించాయి. మా వైపులాగే ఉందే అనుకుంటుండగానే అవి అయిపోయాయి. ఎర్రనేల, నిమ్మతోటలు, ఆ తర్వాత ఎటు చూసినా ముళ్ళ చిల్లకంప. గోదావరి నీళ్ళు చూసి పెరిగినదాన్ని కదా, నీళ్ళు లేని నేలను అంతసేపు చూస్తే గొంతు ఎండినట్టయింది.

పక్క సీటులో ఒక పెద్దావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"యాడికి పోతా ఉండారు? ఏం పని మింద?"

"ఉదయగిరండి. మసాజ్ చేయడానికండి" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి బుట్టను మా ఇద్దరి మధ్యకు జరిపింది. సునీతకు నవ్వాగలేదు. "మాలీషు అవ్వా. బాలింతలకు చేస్తారే, అట్టాంటిది. వాపులకు చేస్తాది ఈ అక్క" అని చెప్పింది. వెంటనే బుట్ట ఒళ్ళోకి వెళ్ళిపోయింది. "అట్టయితే నా మెడ చూడు. నిన్నట్నించి పట్టేసి ఉండాది" అని మెడ నా వైపు వంచింది.

బస్సు కుదుపుల్లో మెడ ముట్టుకోవడమా? కుదరదన్నాను. "ఏంది మ్మే, నేర్చుకున్నావా లేదా?" అని అడిగింది ఆవిడ. కోపంగా కాదు, తెలుసుకుందామని. ఇక్కడి మాట తీరు అంతే. మా వైపు ఆ ప్రశ్ననే ముందొక అండీ, వెనకొక అండీ పెట్టి అడుగుతారు, గుచ్చుకోవడం మాత్రం అంతే గుచ్చుకుంటుంది. నేర్చుకున్నానో లేదో నాకే తెలియదని చెప్పలేకపోయాను.

ఆత్మకూరులో నూనె

ఆత్మకూరులో దిగి ఒక మెస్సులో తిన్నాం. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేశారు. చేపల విషయంలో మా వాళ్ళకున్న గర్వం చిన్నది కాదు, అయినా రెండోసారి అడిగి పోయించుకున్నాను. కారానికి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. భయం కాసేపు తగ్గింది.

బస్టాండు బయట గొడుగు కింద ఒకాయన నూనె సీసాలు అమ్ముతున్నాడు. వెనక రంగుల పటం. కూర్చున్న మనిషి, వెన్ను పొడుగునా ఏడు చక్రాలు, ఒంటినిండా నాడులు. చదువుకునే విషయం కదా అని ఆగాం. సునీత పెద్దమ్మ సంగతి చెప్పింది.

"చెయ్యి వాచిందంటే శక్తి చంకలో ముడేసుకుందని అర్థం" అన్నాడాయన. "ఈ నూనె పోసి బలంగా పిండాల. తడిగుడ్డ పిండతామే, అట్ట. నాలుగు దినాల్లో దిగిపోద్ది. ఇట్ట రామ్మా, చూపిస్తా."

నేను వెనక్కి తగ్గేలోపే నా దవడ కింద బొటనవేలుతో నొక్కాడు. ప్రాణం విలవిల్లాడింది.

"నొప్పిగా ఉండాదా? అదే ముడి."

ఆ తర్వాత ఉదయగిరి బస్సులో కూర్చుని దవడ కింద తడుముకుంటే చిన్న గడ్డ తగిలింది. ఇది ఎప్పటినుంచో ఉందా, ఇప్పుడే వచ్చిందా? పుస్తకంలో చదివిన జబ్బులన్నీ వరసగా గుర్తొచ్చాయి.  చివరికి సునీతకు చెప్పాను. ఆమె తన దవడ కింద తడుముకుంది. "నాకూ ఉండాది అక్కా. రెండు పక్కలా ఉండాయి. లాలాజలం గ్రంథులు కదా ఇయ్యి, మేడం చెప్పలా?" అంది. సిగ్గుపడ్డాను. అప్పుడే చూశాను, ఆమె సంచిలో ఆ నూనె సీసా ఒకటి ఉంది.

కొండ కింద

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఇళ్ళున్నాయి. వాకిట్లో కూర్చుని ఆడవాళ్ళు ఉలితో చెంచాల మీద పూలు దిద్దుతున్నారు. అంత నున్నటి గరిటె కాకినాడ బజారులో అడిగితే రెండింతలు చెబుతారు. ఒకటి కొనుక్కుని, ఆటోలో పల్లెకు వెళ్ళాం.

పెంచలమ్మ ఇల్లు ఊరి చివర. పక్కనే కంపతో అల్లిన గొర్రెల దొడ్డి. ఆమె భర్త మాలకొండయ్య గొర్రెలను లోపలికి తోలుతూ మా వైపు తలూపాడు. ఆయనది రెండు మాటలతో రోజు గడిపే స్వభావం. పెంచలమ్మ అందుకు పూర్తిగా ఎదురు.

"రామ్మా, రా. చెయ్యేంది, సొరకాయ మాదిరి ఉండాదని అనుకుంటా ఉండావా? నేను కూడా అట్టే అనుకుంటా."

నిజంగానే కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా నిండిపోయి ఉంది. గాజులు ఎడమ చేతికే ఉన్నాయి. రవిక చెయ్యి కుట్టు విప్పి అతుకు వేసుకుంది. చర్మం చూశాను. కంప పనిచేసే చేతులు కాబట్టి రెండింటి మీదా గీతలున్నాయి, ఎరుపు లేదు, వేడి లేదు. ఎక్కడైనా మంటగా, సలుపుగా ఉందా అని అడిగాను. "ఏం లేదు, బరువే" అంది.

చేతులు కడుక్కుని మొదలుపెట్టాను. ముందు మెడ దగ్గర, తర్వాత బాగున్న ఎడమ చంక వైపు, ఆఖరికి వాచిన చెయ్యి. లింఫ్ నాళాలు చర్మం కిందనే ఉంటాయి కాబట్టి నొక్కకూడదు. చర్మం కొద్దిగా సాగేంత తాకి వదలాలి.  ఎక్కడ ఎక్కువ నొక్కుతానోనని ఒకటే భయం.

"ఇదేంది, ఈగ వాలినట్టుండాది" అంది పెంచలమ్మ. "ఇంతేనా మాలీషు?"

సునీత నూనె సీసా తీసింది. "అక్కా, కొంచెం బలంగా చేద్దాం. శక్తి ముడి ఇడిపోవాల గదా."

"వద్దు సునీతా. ఆ సీసా లోపల పెట్టు."

నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. ఆమె సీసా పెట్టేసింది గానీ మొహం ముడుచుకుంది. పెంచలమ్మ మాత్రం కళ్ళు మూసుకుని నాతోపాటు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలింది. చివరికి వేళ్ళు ముడిచి చూసుకుని, "కొంచెం తేలిగ్గా ఉండాది" అంది. ఆ మాటకు నాకు ఆ రాత్రి రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి కడుపునిండా దిగాయి. సంగటిని నమలకూడదని, ముద్దలు మింగాలని ఆమె నేర్పింది. నాకు చేతకాలేదు. ఆమె నవ్వుతూనే ఉంది.

పెన్ను గీత

తెల్లవారి లేచేసరికి పెంచలమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. దుప్పటి తీసి చెయ్యి చూశాను. మోచేతి పైన అరచెయ్యంత మేర ఎర్రగా కమిలి ఉంది. తాకబోతే, తాకకముందే వేడి తెలిసింది.

 నేను చెయ్యి పెట్టిన చోటే ఎర్రబడింది. నా గోరు గీసుకుందా? నా చేతులు సరిగ్గా కడుక్కోలేదా? లింఫ్‌ను వద్దన్న దిక్కుకు తోసేశానా?

సునీత వచ్చి చూసింది. "భయపడబాక అక్కా. నేను చూసిన వీడియోలో చెప్పినారు. ముడి ఇడిపోతే ఒంట్లో విషం బయటకొస్తాదంట, అప్పుడు జొరం వస్తాదంట. మంచిదేనంట."

ఆ మాట నమ్మాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. నమ్మితే నా తప్పు లేదు. పైగా నా చెయ్యి పనిచేసినట్టు లెక్క. పెంచలమ్మ కూడా ఆశగా నా మొహంలోకి చూస్తోంది. ఒక్క క్షణం తల ఊపేదాన్నే.

ఫోను తీసుకుని డాబా ఎక్కాను. అక్కడ ఒక మూల నిలబడితేనే సిగ్నల్. మేడం అంతా విని ఒకటే అడిగారు. "ఎరుపు, వేడి, చలిజ్వరం. మూడూ ఉన్నాయా?"

"ఉన్నాయి మేడం."

"అయితే ఆ చెయ్యి ఇక ముట్టుకోకు. ఎవరినీ ముట్టుకోనివ్వకు. గ్రంథులు తీసేసిన చేతిలో సూక్ష్మజీవులు చేరితే ఆపేవాళ్ళుండరు. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గియ్యి, బయల్దేరు. గీత దాటుతోందేమో డాక్టరుకు తెలుస్తుంది."

"నేను చేసినదాని వల్లనా మేడం?"

"అది తర్వాత. ముందు బయల్దేరు."

గీత గీశాను. మాలకొండయ్య గడప దగ్గర నిలబడి చూశాడు. "చలిజొరమే గదా. రేపటికి తగ్గకపోతే పోదాం. జీవాలను ఎవురు చూస్తారు?" అన్నాడు. సునీత పెంచలమ్మకు జావ కాచి తెచ్చింది. ఆమె రెండు గుక్కలు తాగి వద్దంది. గిన్నె అందుకోబోయిన సునీత అలాగే ఆగిపోయింది.

"అక్కా. దాటింది."

నీలం గీతకు అవతల వేలు వెడల్పున కొత్త ఎరుపు. సునీత మొహం పాలిపోయింది. వీడియో సంగతి మళ్ళీ ఎత్తలేదు. బయటకు పరుగెత్తి, పక్కింటివాళ్ళను గొర్రెల దగ్గర ఉంచి, ఆటో పిలుచుకొచ్చింది. మాలకొండయ్యతో ఒకటే మాట అంది. "పెదనాయనా, ఎక్కు."

బద్వేలు రోడ్డు

ఉదయగిరి ఆసుపత్రిలో చూసిన వెంటనే సూది వేసి, సెలైన్ పెట్టారు. బీపీ పడిపోతోంది, ఆత్మకూరు తీసుకెళ్ళండి, ఆలస్యం వద్దన్నారు. అంబులెన్సులో వెనక మాలకొండయ్య, నేను, సెలైన్ చూసే అతను. సునీత ముందు కూర్చుంది.

మర్రిపాడు వైపు నుంచి నెల్లూరు, బద్వేలు మధ్య రోడ్డెక్కాక లారీలు మొదలయ్యాయి. ఒక్కొక్కటి పక్కనుంచి పోతుంటే బండి ఊగేది. ఒకచోట రోడ్డు నిండా గొర్రెలు. సైరన్ మోగుతున్నా అవి ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా నిలబడిపోయాయి. మాలకొండయ్య కిటికీలోంచి తల బయటపెట్టి నాలుకతో ఒక వింత శబ్దం చేశాడు. మంద రెండు పాయలుగా చీలింది. మరో సమయంలో అయితే అది చూసి ముచ్చటపడేదాన్ని.

పెంచలమ్మ మాటలు మారిపోయాయి. ఎవరినో పిలుస్తోంది, దొడ్డి తలుపు వెయ్యమంటోంది. సెలైన్ చూసే అతను బీపీ మళ్ళీ చూసి, డ్రైవరుతో ఇంకొంచెం తొందరగా పొమ్మన్నాడు. అతని గొంతులో మార్పు నాకు తెలిసింది. ఎర్రదనం భుజం దాకా వచ్చేసింది. నేను నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వాటిని చూడలేకపోయాను.

అప్పుడు మాలకొండయ్య నా వైపు తిరిగాడు.

"నిన్నటిదాకా బాగుండె. నీ చేతుల్లో ఏం పెట్టుకోని వచ్చినావమ్మా?"

అరవలేదు. మామూలుగానే అడిగాడు.  ఆయన మళ్ళీ భార్య వైపు తిరిగి ఆమె ఎడమ చేతి గాజులను పట్టుకుని కూర్చున్నాడు. ఏ దారీ నాకు ఇంకెప్పుడూ అంత పొడుగ్గా అనిపించదు.

మళ్ళీ ఆత్మకూరు

ఆత్మకూరు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ. చూడటానికి సునీత కంటే కాస్త పెద్దదనిపించింది. మందులు ఎక్కించడం మొదలయ్యాక బయటకొచ్చి అడిగింది.

"మసాజ్ చేసింది ఎవరు?"

"నేనండి."

"ఎలా చేశారు? నా చేతి మీద చేసి చూపించండి."

ఆమె చెయ్యి చాపింది. వరండాలో అందరూ చూస్తున్నారు. నా వేళ్ళు ఆమె ముంజేతి మీద పెట్టి, నిన్న చేసినట్టే చర్మాన్ని కొద్దిగా జరిపి వదిలాను.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

ఆమె మమ్మల్ని లోపలికి పిలిచి పెంచలమ్మ బొటనవేలు, చూపుడువేలు మధ్య సందు చూపించింది. చిన్న నల్లచుక్క. పట్టుకారుతో లాగితే చిల్లకంప ముల్లు మొన బయటకొచ్చింది, చీముతో. "ఇది గుచ్చుకుని కొన్ని రోజులైంది. జబ్బు ఇక్కడినుంచి పాకింది. మీ చేతుల వల్ల వచ్చింది కాదు. కానీ ఈ చెయ్యిని నూనె పోసి గట్టిగా పిండి ఉంటే మాత్రం ఇంకా ప్రమాదమయ్యేది" అంది.

సునీత తల వంచుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. భయం పోతుందనుకున్నాను, పోలేదు. నా తప్పు కాదని తెలిసినా పెంచలమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు కదా.

మర్నాటికి జ్వరం కొంచెం దిగింది. ఆ మర్నాటికి ఎరుపు భుజం నుంచి వెనక్కి తగ్గింది. పెంచలమ్మ కళ్ళు తెరిచి అందరినీ గుర్తుపట్టాక, ముల్లు గుచ్చుకున్న సంగతి ఎందుకు చెప్పలేదని సునీత అడిగింది.

"చెప్తే కంప కొట్టబాకంటారు. దొడ్డికి కంప ఎవురు కొడతారు? మీ పెదనాయన ఒక్కడే చేసుకోగలడా?" అని, నా వైపు చూసి, "నిన్ను శానా భయపెట్టినానా?" అంది.

అవునన్నాను. ఆమె నవ్వబోయింది, ఓపిక లేక ఆగిపోయింది. పూర్తిగా తగ్గి, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ మసాజ్ అనీ, ఇక ఎప్పుడూ చేతితొడుగు లేకుండా కంప ముట్టకూడదనీ సునీత నాలుగైదుసార్లు చెప్పింది. సునీత అక్కడే ఉండిపోయింది. నేను బయల్దేరాను.

మాలకొండయ్య బస్టాండు దాకా నాతో వచ్చాడు. అంబులెన్సులో అడిగిన మాట గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ ఎత్తలేదు. నా సంచి ఆయనే పట్టుకున్నాడు. నెల్లూరు బస్సు వచ్చింది. జనం ఎక్కుతున్నారు. నేను సంచి కోసం చెయ్యి చాపితే ఆయన ఇవ్వలేదు.

"ఒక్క నిమిషం నిలబడమ్మా."

బెంచీ మీద కూర్చుని, పాదాల దాకా దిగిన పంచెను మెల్లగా మోకాలి దాకా లాగాడు. ఎడమకాలి కంటే కుడికాలు రెండింతలుంది. పాదం మీద చర్మం దళసరిగా మడతలు పడి ఉంది, వేళ్ళ సందుల్లో పగుళ్ళు. మా వైపు దీన్ని బోదకాలు అంటారు. ఇలాంటి కాలు నేను చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి పెదనాయనా?"

"శానా ఏండ్లాయె. ఆమెకు తప్ప ఎవురికీ తెలీదు. సునీతకు కూడా."

"చలిజ్వరం వస్తుంటుందా?"

"అప్పుడప్పుడు. రెండు దినాలు పండుకుంటా, పోతాది."

ఆ పగుళ్ళలోంచి పెంచలమ్మ చేతికి జరిగిందే ఈ కాలికీ జరగొచ్చు. కిందికి వంగి, తాకకుండా, ఎరుపు ఉందేమో చుట్టూ చూశాను. కండక్టరు విజిల్ వేశాడు. బస్సులోంచి ఎవరో నన్ను చూపించి, ఎక్కేదుంటే ఎక్కమని కేకేశారు.

"బస్సు పోతాదమ్మా" అన్నాడు మాలకొండయ్య.

"పోనివ్వండి. డాక్టరమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంటారు, లేవండి" అని ఆయన చెయ్యి పట్టుకుని లేపాను.